ఏసీలో కాలిన కంప్రెసర్ మార్చేముందు పైపులు దేంతో కడగాలండి? పెట్రోలు, 141బీ కాకుండా ఇంకేం ఉంది

పాలకొల్లు_కూలింగ్
అందరికీ నమస్కారం అండి. ఆకివీడు దగ్గర రొయ్యల టెస్టింగ్ ల్యాబ్ ఒకటి ఉంది, అందులో రొయ్యల రోగాలు కనిపెట్టే పీసీఆర్ మెషిన్ పెట్టిన గదికి 2 టన్నుల స్ప్లిట్ ఏసీ, పాత ఆర్-22 గ్యాస్ ది. మార్చిలో కంప్రెసర్ కాలిపోతే ఎవరో వచ్చి కొత్తది వేసి గ్యాస్ కొట్టేసి వెళ్ళేరు, నెల తిరక్కుండా అది కూడా షార్ట్ అయిపోయింది. ఇప్పుడు పని నా దగ్గరికి వచ్చింది. పైపు కోసి చూస్తే ఆయిలు కాటుకలా ఉందండి, వాసనకి కళ్ళు మండిపోయాయి. చెమ్మ పీల్చే డ్రయ్యరు కూడా పాతదే ఉంది, మార్చలేదు. ఫ్లషింగ్ (పైపులు లోపల కడగడం) చెయ్యకుండా మూడో కంప్రెసర్ పెట్టనని ఓనరు గారికి చెప్పేసేను, సరే అన్నారు గానీ దేంతో చెయ్యాలన్నదే నా డౌటు. షాపులో తెల్ల డబ్బా ఇస్తున్నాడు, మీద పేరు లేదు, 141బీ అనే సాల్వెంట్ (మురికిని కరిగించే ద్రవం) అంటాడు. పక్కూరి మెకానిక్ అన్నయ్యేమో లీటరు పెట్రోలు పోసి గాలి కొట్టెయ్ అంటున్నాడు. ల్యాబ్ వాళ్ళకి ఎల్లుండికల్లా గది చల్లబడాలి. తెలిసినవాళ్ళు చెప్పండి.

నరసాపురం_రీఫర్
తమ్ముడూ పెట్రోలు మాట మర్చిపో. నేను రొయ్యల బళ్ళని చల్లగా ఉంచే రీఫర్ యూనిట్లు చేస్తాను, ఈ సలహా మా దగ్గర కూడా తిరుగుద్ది. పెట్రోల్లో పలచనిది ఎగిరిపోద్ది, చిక్కనిది పైపులో ఉండిపోద్ది, అది కొత్త కంప్రెసర్ ఆయిల్లో కలిసి ఆయిలు పల్చబడిపోద్ది. కాయిలు వంపుల్లో ఆవిరి నిలబడి ఉంటాది, నువ్వు జాయింటుకి టార్చ్ పెట్టేసరికి ఏమవుద్దో ఆలోచించు. గాలి కొట్టెయ్ అన్నాడంటే సైకిల్ షాపు కంప్రెసర్ గాలి కదా, ఆ గాలిలో ఉన్న చెమ్మంతా లోపలికి పోద్ది, పెట్రోలు ఆవిరీ గాలీ కలిసి పైపులో ఉన్నాయంటే నిప్పు ఒక్కటే తక్కువ. ఇంకొంతమంది ఆక్సిజన్ సిలిండర్ తగిలిస్తారు, వెల్డింగుకి ఎలాగూ తెచ్చేం కదా అని. ఆయిలు ఉన్న పైపులోకి ప్రెషర్ మీద ఆక్సిజన్ వదిల్తే పేలుద్ది, ప్రాణాలు పోతాయి. పైపులో ఊదడానికి నైట్రోజన్ తప్ప ఇంకేదీ వాడకు.

లంకల_కుర్రోడు
నేను కొత్తగా నేర్చుకుంటున్నానండి, అమలాపురం దగ్గర. మా గురువుగారు కిరసనాయిలు వాడతారు, పేలదు కదా అని. అది పర్లేదా?

నరసాపురం_రీఫర్
పేలకపోవచ్చు బాబూ, కానీ ఎగరదు. అసలు ఎగరని ద్రవం పైపులో పొయ్యడమే తప్పు. నువ్వు పంపుతో ఎంత వ్యాక్యూమ్ పెట్టి లోపలి గాలి లాగినా కిరసనాయిలు పొర పోదు.

ఐటీఐ_మేష్టారు_తణుకు
పాలకొల్లు బాబూ, ముందు ఆ నల్లదనం ఏంటో తెలిస్తే దేంతో కడగాలో నీకే అర్థమవుద్ది. కంప్రెసర్ మోటారు వైండింగ్ (తీగ చుట్టలు) కాలినప్పుడు లోపల వేడికి ఆర్-22 విడిపోద్ది, అందులో క్లోరిన్, ఫ్లోరిన్ ఉన్నాయి కాబట్టి హైడ్రోక్లోరిక్, హైడ్రోఫ్లోరిక్ యాసిడ్లు తయారవుతాయి. చెమ్మ ఉంటే ఇంకా ఎక్కువ. ఆయిలు మాడి మసి, వైండింగ్ వార్నిష్ కరిగి జిగురు, అన్నీ కలిసి ఆ నల్ల బురద. కొత్త కంప్రెసర్ పెట్టగానే ఆ యాసిడ్ కొత్త వైండింగ్ వార్నిష్‌ని తినడం మొదలెడుతుంది, మసి పోయి కాపిలరీలో (గ్యాస్‌ని సన్నగా వదిలే గొట్టంలో) కూర్చుంటుంది. నెల తిరక్కుండా పోయిందంటే సరిగ్గా ఇదే జరిగింది, కంప్రెసర్ కంపెనీని తిట్టుకోవక్కర్లేదు. ఆ ఆయిలు చేత్తో ముట్టుకోకు, రబ్బరు గ్లౌజులు, కళ్ళద్దాలు పెట్టుకో, హైడ్రోఫ్లోరిక్ చర్మం లోపలికి దిగిపోతుంది.

ఇక 141బీ సంగతి. మా తరం వాళ్ళం ఆర్-11 తో కడిగేవాళ్ళం, 24 డిగ్రీల దగ్గర మరిగేది, ఆయిలు బాగా కరిగించేది, మంట అంటుకోదు, చౌక. కానీ ఓజోన్ పొరని తినడంలో దాన్నే కొలతగా పెట్టుకుని మిగతావాటిని లెక్కగట్టేరు, అంత చెడ్డది. 1987లో ఓజోన్‌ని కాపాడే మాంట్రియల్ ఒప్పందం, మన దేశం 1992లో చేరింది, 2010 కల్లా ఆర్-11 లాంటి సీఎఫ్‌సీలు ఆగిపోయేయి. దాంతోపాటే కార్బన్ టెట్రాక్లోరైడ్ కూడా, అది ఓజోన్‌కి ఆర్-11 కన్నా ఎక్కువ చెడ్డది, మనిషి లివర్‌ని పాడుచేస్తుంది. వాటి బదులు వచ్చిందే 141బీ. ఆర్-11 చేసే నష్టంలో తొమ్మిదో వంతు చేస్తుంది, తక్కువే కానీ సున్నా కాదు. 2020 జనవరి 1 నుంచి దాని దిగుమతికి మన దేశంలో లైసెన్సులు ఇవ్వడం ఆపేసేరు. అలాంటప్పుడు పేరు లేని తెల్ల డబ్బాలో ఉన్నది నిజంగా 141బీయేనా? పాత నిల్వ కావచ్చు, థిన్నర్ కలిపింది కావచ్చు, ట్రైక్లోరోఇథిలిన్ కావచ్చు, అది క్యాన్సర్ తెచ్చే రసాయనమని తేలింది కూడా. పేరు లేని డబ్బా కొనొద్దు. డబ్బా మీద రసాయనం పేరు, మంట గుర్తు ఉందో లేదో, సేఫ్టీ షీట్, ఈ మూడూ అడుగు. ఇవ్వలేకపోతే ఆ షాపు దిగిపో.

పాలకొల్లు_కూలింగ్
చాలా థాంక్స్ మేష్టారూ. అయితే ఏది అడగమంటారు మరి?

ఐటీఐ_మేష్టారు_తణుకు
ఇప్పుడు దొరుకుతున్న వాటిలో నేను ముందు చెప్పేది హెచ్‌ఎఫ్‌ఓ-1233జెడ్‌డీ ఉన్న ఫ్లషింగ్ డబ్బా. 19 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, అందుకని పైపులో నిలవదు, మంట అంటుకోదు, గాలిలోకి పోయినా కొద్ది వారాల్లోనే విడిపోతుంది కాబట్టి ఓజోన్‌కి ఇంచుమించు నష్టం లేదు, భూమిని వేడెక్కించే లెక్కలోనూ కార్బన్ డయాక్సైడ్ పక్కన నిలబెట్టొచ్చు. ఖరీదు ఎక్కువ, అది నిజం. హైడ్రోఫ్లోరోఈథర్లు కూడా మంచివే, అవి ఇంకా ఖరీదు. ట్రాన్స్-డైక్లోరోఇథిలిన్ కలిపిన డబ్బాలు ఉంటాయి, కరిగించడంలో బాగుంటాయి గానీ ఎక్కువ కలిపినవాటికి మంట అంటుకుంటుంది, డబ్బా మీద గుర్తు చూడు. నారింజ తొక్కల నూనె డబ్బాలు కూడా అమ్ముతున్నారు, సహజం సహజం అని, నేను చిన్న స్ప్లిట్లకి వద్దంటాను, అది 176 డిగ్రీల దగ్గర మరుగుతుంది, ఎగరదు, దాన్ని కడగడానికి ఇంకోటి కావాలి.

సేఫ్ అని డబ్బా మీద రాసినంత మాత్రాన తలుపులేసుకుని వాడొచ్చని కాదు. వీటి ఆవిరి గాలి కన్నా బరువు, నేల మీదే పరుచుకుంటుంది, ఇండోర్ యూనిట్ కడిగేటప్పుడు కిటికీలు తీసి కింద ఫ్యాను పెట్టు, నేల మీద కూర్చుని పనిచెయ్యకు. కడిగిన వెంటనే టార్చ్ వెలిగించకు, క్లోరిన్ ఉన్న ఆవిరి మంటలోకి పోతే యాసిడ్ పొగలూ ఫాస్జీనూ వస్తాయి.

భీమవరం_వీఆర్‌ఎఫ్
మేష్టారికి నమస్కారం అండి, కానీ నేను కొంచెం వేరేగా చెప్తాను. చిన్న స్ప్లిట్‌కి సాల్వెంట్ అవసరమేనా అని నా ప్రశ్న. మేము పెద్ద సిస్టమ్‌లలో బర్నౌట్ (కంప్రెసర్ కాలడం) అయితే ఫ్లషింగ్ చెయ్యనే చెయ్యం, లిక్విడ్ లైన్లో పెద్ద డ్రయ్యర్, సక్షన్ లైన్లో (గ్యాస్ కంప్రెసర్‌కి తిరిగొచ్చే పైపులో) యాసిడ్ పీల్చే డ్రయ్యర్ పెట్టి నడిపి, రెండ్రోజులకి ఆయిలు టెస్ట్ చేసి మళ్ళీ డ్రయ్యర్లు మారుస్తాం. సాల్వెంట్ పోసి సరిగ్గా తియ్యకపోతే అదే కొత్త చెత్త అవుద్ది. నేను చూసిన చాలా కేసుల్లో ఫ్లషింగ్ బాగా చేసేం అనుకున్నవాటిలోనే మళ్ళీ పోయింది.

నరసాపురం_రీఫర్
అది పెద్ద సిస్టమ్‌ల లెక్క అన్నయ్యా, దాంట్లో ఎక్స్‌పాన్షన్ వాల్వు ఉంటాది, జల్లెడ మార్చుకోవచ్చు. ఇది కాపిలరీ ది, రెండు మిల్లీమీటర్లు కూడా లేని కన్నం. మసి ఒక్క ముక్క పోయినా మూసుకుపోద్ది. పైగా ల్యాబ్ అంటున్నాడు, రెండ్రోజులకోసారి ఆపి డ్రయ్యర్ మార్చడానికి ఓనరు ఒప్పుకుంటాడా?

ఐటీఐ_మేష్టారు_తణుకు
ఇద్దరూ నిజమే చెప్పేరు. తేడా ఎక్కడంటే మసి కంప్రెసర్ దాటి బయటికి వచ్చిందా లేదా. డిశ్చార్జి పైపూ (కంప్రెసర్ నుంచి గ్యాస్ బయటికి పోయేది) సక్షన్ పైపూ రెండింటిలోకీ తెల్ల గుడ్డ ముక్క దూర్చి తిప్పి చూడు. గుడ్డ కొంచెం పసుపుగా వచ్చి ఆయిలు వాసన మాత్రం వస్తే సాల్వెంట్ అక్కర్లేదు, నైట్రోజన్ కొట్టి డ్రయ్యర్లతో లాగించెయ్యొచ్చు, భీమవరం బాబు చెప్పినట్టు. నల్లగా జిగురుగా వస్తే కడగాల్సిందే. కడిగినా సరే డ్రయ్యర్ పద్ధతి మానకూడదు, రెండూ చెయ్యాలి. సాల్వెంట్ ఆయిల్నీ జిగురునీ తీసుకుపోతుంది, పైపు గోడకి పట్టిన యాసిడ్ మొత్తాన్ని తియ్యలేదు. నీళ్ళని అస్సలు తియ్యదు, అది వ్యాక్యూమ్ పనే. ఇంకోటి, నైట్రోజన్ వదలకుండా బ్రేజింగ్ (టార్చ్‌తో పైపులు అతకడం) చేస్తే రాగి లోపల నల్ల పొలుసు వస్తుంది కదా, దాన్ని ఏ సాల్వెంటూ కరిగించదు, అసలు రానివ్వకుండా చూసుకోవడమే.

పాలకొల్లు_కూలింగ్
గుడ్డ పెట్టి చూసేనండి. సక్షన్ కూడా నలుపే వచ్చింది. కడగడమే.

నరసాపురం_రీఫర్
అయితే రాసుకో తమ్ముడూ. గ్యాస్ గాల్లోకి వదలకు, దాన్ని సిలిండర్లోకి పట్టే రికవరీ మెషిన్ లేకపోతే ఎవరి దగ్గరైనా అద్దెకి తెచ్చుకో. కంప్రెసర్, డ్రయ్యర్, కాపిలరీ, అక్యుములేటర్ ఉంటే అదీ, అన్నీ తీసెయ్. కాపిలరీ కడగడం టైమ్ వేస్ట్, అదే పొడవు అదే కన్నం కొత్తది వెయ్యి. ఔట్‌డోర్ కాయిలు వేరు, ఇండోర్ కాయిలు వేరు, మధ్య పైపులు రెండూ వేరు, దేనికదే కడగాలి, అన్నీ కలిపి ఒకేసారి పంపితే ఒకదాని మురికి ఇంకోదాంట్లోకి పోద్ది. గ్యాస్ మామూలుగా వెళ్ళే దారికి ఎదురు వైపు నుంచి పొయ్యి. పోసి కొద్ది నిమిషాలు నాననివ్వు, తర్వాత నైట్రోజన్ రెగ్యులేటర్ తోనే, 100 పీఎస్‌ఐ దాటకుండా, ఊపు ఊపుగా వదులు. నిండు నైట్రోజన్ సిలిండర్లో 150 బార్ దాకా ఉంటాది, రెగ్యులేటర్ లేకుండా తగిలిస్తే కాయిలు చీలిపోద్ది. అవతల కొసకి గొట్టం కట్టి మూత ఉన్న డబ్బాలోకి పెట్టు, డబ్బాకి గాలి పోయే దారి ఉంచు, గొట్టం కొస గట్టిగా కట్టకపోతే ఎగిరి మొహానికి కొడతాది. వచ్చే ద్రవం తెల్ల గుడ్డ మీద పట్టి చూడు, మరక రాని దాకా మళ్ళీ మళ్ళీ.

ఇంకో విషయం, ఇది మన ఊళ్ళ కోసమే చెప్తున్నా. 19 డిగ్రీల దగ్గర మరిగేది అన్నారు కదా మేష్టారు, మనకి మే నెలలో నీడలోనే 40 ఉంటాది. ఆ డబ్బా బండి డిక్కీలో ఎండలో పెట్టుకుని తిరిగేవంటే లోపల ప్రెషర్ పెరిగిపోద్ది, మూత తీసేసరికి సగం ఆవిరి, మొహం మీద పడుద్ది. ఐస్ పెట్టెలో పెట్టి తీసుకెళ్ళు, ఆకివీడు భీమవరం మధ్య ఐస్‌కి కొదవేముంది. చల్లగా ఉంటే ద్రవంగా పైపులోకి దిగుద్ది, తర్వాత పైపు వేడికి అదే ఎగిరిపోద్ది. ఈ వేడి మనకి కలిసొచ్చేది అక్కడే.

లంకల_కుర్రోడు
ఐస్ ప్లాంట్లో కూడా ఇదే కడుగుతారా అండి?

ఐటీఐ_మేష్టారు_తణుకు
లేదు నాయనా, ఐస్ ప్లాంట్లు అమ్మోనియావి, ఇనుప పైపులు, రాగి వాడరు, ఆయిలు అడుగున చేరితే డ్రెయిన్ చేస్తారు. ఆ పని వేరు, తర్ఫీదు లేకుండా అటు చెయ్యి పెట్టొద్దు. ఈ సాల్వెంట్లేవీ దాంట్లో పొయ్యొద్దు.

కాకినాడ_కార్‌ఏసీ
కార్ల వాళ్ళు కూడా ఈ పోస్ట్ చదువుతారు కాబట్టి ఒక్క మాట. ఇప్పటి కార్ల కండెన్సర్లు సన్న సన్న గొట్టాలు పక్కపక్కన ఉండేవి, కంప్రెసర్ అరిగి లోహం రజను అందులోకి పోతే ఎన్ని డబ్బాలు పోసినా రాదు, ద్రవం ఖాళీగా ఉన్న గొట్టాల్లోంచి పోతుంది, మూసుకున్నవి అలాగే ఉంటాయి. కండెన్సర్ మార్చండి, రిసీవర్ డ్రయ్యర్ మార్చండి, పైపులూ ఎవాపరేటరూ కడగండి. కస్టమర్‌కి ముందే చెప్పాలి, పార్టు ఖరీదు విని కోప్పడతారు కానీ రెండు నెలలకి మళ్ళీ వచ్చి కోప్పడేకన్నా నయం.

అంతర్వేది_ఉప్పుగాలి
కంప్రెసర్ అసలు ఎందుకు కాలిందో ఎవరూ అడగలేదే. మా వైపు సముద్రం గాలికి కాయిలు తినేసి సన్న లీకు పడుద్ది, గ్యాస్ తగ్గిపోయి మెషిన్ ఆగకుండా తిరుగుద్ది. గ్యాస్ బాగా తగ్గితే సక్షన్ వైపు వ్యాక్యూమ్ లోకి పోయి అదే లీకు లోంచి చెమ్మ గాలి లోపలికి లాక్కుంటాది. కడిగి కొత్తది పెట్టినా లీకు అలాగే ఉంటే అంతే సంగతులు. ఆకివీడు వైపు సాయంత్రం పూట చెరువుల మోటార్లు, ఏరేటర్లు అన్నీ ఒకేసారి వేస్తే వోల్టేజీ ఎంతుంటుందో మీటరు పెట్టి చూడండి. స్టెబిలైజర్, కెపాసిటర్ చూడకుండా మూడోది పెట్టకండి.

పాలకొల్లు_కూలింగ్
చాలా మంచి పాయింటండి. సాయంత్రం ఏడింటికి వెళ్ళి చూసేను, వోల్టేజీ 180 లోపే ఉంది. స్టెబిలైజర్ ఉంది గానీ బైపాస్‌లో పెట్టేసి ఉంది. ఓనరు గారికి కొత్తది చెప్పేను.

చెరువుగట్టు_ఉండి
నేను మెకానిక్‌ని కాదండి, రొయ్యల రైతుని. ల్యాబ్ పేరు చూసి చదివేను. ఒక్కటే అడుగుతున్నాను, ఆ కడిగిన నల్ల ద్రవం ఎక్కడ పోస్తారు? ఎందుకు అడుగుతున్నానంటే ఆ ల్యాబ్ పక్కనే పంట కాలవ ఉంటుంది, మాకు అన్నిటికీ అదే కాలవ. చెరువులకి నీళ్ళు తోడేది అందులోంచే, ఊరి తాగునీటి చెరువు నింపేదీ అందులోంచే. వేసవిలో కాలవలు కట్టేసేముందు నింపుకున్న నీళ్ళే రెండు నెలలు తాగాలి. మెకానిక్కులు డబ్బా ఒంపేసి చేతులు కడుక్కుని వెళ్ళిపోవడం కళ్ళారా చూసేను, వాళ్ళకి తెలీక చేస్తారు, తప్పు పట్టట్లేదు, కానీ రొయ్య పిల్ల చాలా సున్నితం బాబూ. నేలలో పోసినా మన దగ్గర నీళ్ళు ఎంత లోతులో ఉంటాయి, చెయ్యెడు తవ్వితే ఊరతాయి.

నరసాపురం_రీఫర్
చాలా మంచి మాట అడిగేరండి. ఇది ముందు మేమే చెప్పాల్సింది. తమ్ముడూ, ఆ డబ్బా మూత పెట్టి, మీద యాసిడ్ ఉన్న వేస్ట్ ఆయిలు అని రాసి, షెడ్డులో చల్లటి చోట పెట్టు. మామూలు ఇంజిన్ ఆయిల్లో కలపకు, కలిపితే ఆ ఆయిలు కొనే రీసైక్లింగ్ వాళ్ళు కూడా తీసుకోరు. ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే లైసెన్సు ఉన్నవాళ్ళకే ఇవ్వాలి. ఒక్కడివే అయితే కొంచమే ఉంటాది, ఎవరూ రారు, అందుకని మన పాలకొల్లు నరసాపురం మెకానిక్కులం అందరం ఒకచోట పోగేసి ఇస్తే వస్తారు. నేను డ్రమ్ము పెడతాను మా షెడ్డులో.

భీమవరం_వీఆర్‌ఎఫ్
నాది కూడా తెస్తానన్నయ్యా. నేను పైన సాల్వెంట్ వద్దన్నదానికి సగం కారణం ఇదే, వేస్ట్ ఎంత తగ్గితే అంత మంచిది. సాల్వెంట్ డబ్బాలకి డబ్బాలు పొయ్యక్కర్లేదు, ముందు నైట్రోజన్‌తోనే పోయినంత ఆయిలు బయటికి నెట్టేసి ఆ తర్వాత కొంచెం కొంచెం సాల్వెంట్ పోస్తే మూడో వంతుతో అయిపోద్ది.

పాలకొల్లు_కూలింగ్
అప్‌డేట్ అండి. రాజమండ్రి నుంచి పేరూ షీటూ ఉన్న డబ్బా తెప్పించేను, ఐస్ పెట్టెలోనే తీసుకెళ్ళేను, భీమవరం అన్నయ్య చెప్పినట్టు ముందు నైట్రోజన్‌తో నెట్టేను, ఇండోర్ కాయిల్లోంచే ఎక్కువ బురద వచ్చింది, అది నేను అనుకోలేదు. మరక ఆగేక వాసన పోయేదాకా నైట్రోజన్ వదిలి, అదే నైట్రోజన్ సన్నగా వదుల్తూ బ్రేజింగ్ చేసి, కొత్త కాపిలరీ, లిక్విడ్ డ్రయ్యర్, సక్షన్ డ్రయ్యర్ వేసేను. వ్యాక్యూమ్ 500 మైక్రాన్ల కిందకి దిగింది (ఈ లెక్క ఎంత తగ్గితే లోపల అంత ఖాళీ), పంపు ఆపితే 900 దాకా పెరిగి నిలబడిపోయింది. ఇది లీకా, చెమ్మా?

ఐటీఐ_మేష్టారు_తణుకు
ఆగిపోయిందంటే లీకు కాదు, లీకైతే ఆగకుండా పెరుగుతూనే ఉంటుంది. లోపల కొంచెం చెమ్మో, మిగిలిన సాల్వెంటో ఉడుకుతోంది. వ్యాక్యూమ్ విరగ్గొట్టి పొడి నైట్రోజన్ కొంచెం నింపి మళ్ళీ లాగు, ఇంకోసారి కూడా అలాగే. పంపు ఆయిలు ముందు మార్చు, సాల్వెంట్ ఆవిరి దాంట్లో కలిసి ఉంటుంది, అలాగే నడిపితే పంపు లాగదు, పాడైపోతుంది కూడా.

పాలకొల్లు_కూలింగ్
పంపు ఆయిలు మార్చేక దిగిపోయిందండి, 500 లోపే నిలబడింది. గ్యాస్ తూకం వేసి ఎక్కించేను. రెండ్రోజులు నడిచేక ఆయిలు యాసిడ్ టెస్ట్ చేస్తే రంగు కొంచెం మారింది, డ్రయ్యర్లు రెండూ మార్చేను, తర్వాత టెస్ట్‌లో మారలేదు. సక్షన్ డ్రయ్యర్ తీసేసి మామూలు పైపు వేసేసేను. ల్యాబ్ నడుస్తోంది.

ఇప్పుడు ఓనరు గారు ఇంకో గదికి కూడా పాత ఆర్-22 తీసేసి కొత్త ఆర్-32 పెట్టమంటున్నారు, ఎలాగూ ఆర్-22 కొత్త మెషిన్లు రావట్లేదు కదా. పైపులు గోడలో ఉన్నాయి, అవే ఉంచమంటున్నారు. కడిగితే సరిపోద్దా మేష్టారూ?

ఐటీఐ_మేష్టారు_తణుకు
కడగడం ఒక్కటే చాలదు. పాత ఆర్-22 లో మినరల్ ఆయిలు, ఆర్-32 లో ఎస్టర్ ఆయిలు, రెండూ కలవకూడదు కాబట్టి ఆ పైపు ఇప్పుడు చేసినదానికన్నా శుభ్రంగా కడగాలి. దాంతోపాటు ఆర్-32 ప్రెషర్ ఆర్-22 కి ఒకటిన్నర రెట్లు పైనే, పైపు గోడ మందం చూడు, ఫ్లేర్లు కోసి కొత్తవి వెయ్యి, సైజు కొత్త మెషిన్ బుక్కులో ఉన్నదానికి సరిపోవాలి. ఆర్-32 కొంచెం మంట అంటుకునే గ్యాసు, ముట్టుకునే ముందు గది గాలి ఆడేలా చూసుకో. పైపు బయటి కొలత, మందం, పొడవు ఇక్కడ పెట్టు, చూసి చెప్తాను.

పాలకొల్లు_కూలింగ్
రేపు పొద్దున్న కొలిచి పెడతానండి. నరసాపురం అన్నయ్యా, వేస్ట్ డబ్బా మూత పెట్టి రాసి ఉంచేను, ఆదివారం మీ షెడ్డుకి తీసుకొస్తున్నా, డ్రమ్ము రెడీయా?

నరసాపురం_రీఫర్
రెడీ తమ్ముడూ, పదింటికి రా. లంకల కుర్రోడూ, నువ్వూ మీ గురువుగారిని తీసుకుని వచ్చెయ్, కిరసనాయిలు గురించి నేను మాట్లాడతాను ఆయనతో.